దీపానికి నెయ్యి పోసినదెవరు?
(సంసారం నడుమ చదువు – మన సాహిత్యం)

1

మన కథల్లో, నవలల్లో విద్యార్థికి సాధారణంగా ఇరవై రెండేళ్లు దాటవు. అతనికి ఇంటినుంచి మనియార్డరు వస్తుంది. హోటలు భోజనాన్ని తిట్టుకొంటాడు. పరీక్ష తప్పుతాడు, లేదా నెగ్గుతాడు. ప్రేమిస్తాడు. పట్టా చేతికి వచ్చాక ఉద్యోగం దొరకక లోకంమీద అలుగుతాడు. మొగల్తూరునుంచి బారిష్టరు చదువుకని ఓడెక్కిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశం మొదలుకొని, కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు' నవలలోని సుందరం దాకా వీరందరిదీ ఒకే వంశం. 1924లో మొదటి భాగం వెలువడిన 'బారిష్టరు పార్వతీశం'లో కావలసినంత హాస్యం వున్నది. పరాయి దేశపు మర్యాదలకు తెల్లబోయిన పల్లెటూరి అమాయకత్వం వున్నది. తాను చదువుకొన్నన్నాళ్లూ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న ప్రశ్న మాత్రం పార్వతీశానికి రాదు. రావలసిన అవసరమూ లేదు. కుటుంబరావుగారు అంతకంటె చాలా దూరం వెళ్లారు. మధ్యతరగతి కుటుంబం చదువుమీద పెట్టుకొన్న ఆశ అంతా నిరుద్యోగంలో ఎట్లా కరిగిపోతుందో ఆయన చూపినట్లు మరొకరు చూపలేదు. అయినప్పటికీ అక్కడ కూడా చదువును మోసేది పెద్దలు, చదివేది కొడుకు.

మరి ముప్పై అయిదేళ్ల మనిషి, పగలంతా బడిలో పాఠం చెప్పి, సాయంత్రం పిల్లలకు అన్నం పెట్టి, అత్తగారికి మందు పోసి, రాత్రి పది దాటాక ఎం.ఏ. పుస్తకం తెరిచే మనిషి మన సాహిత్యంలో ఎక్కడ వున్నది? ఇటువంటివారు మన ఊళ్లలో ఇంటింటా కాకపోయినా వీధి వీధినా వున్నారు. మన పాఠకుల్లోనే ఎందరో వున్నారు. మన రచయితల్లో చాలామంది ఉపాధ్యాయులు. వారిలో ఉద్యోగంలో చేరిన తరువాత ప్రైవేటుగా కట్టి పట్టాలు తెచ్చుకొన్నవారు తక్కువేమీ కాదు. తామే గడిపిన జీవితాన్ని వారు కథకు పనికిరాని వస్తువుగా ఎందుకు భావించారన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

పెద్దవయసు అంటే ముసలితనమని ఇక్కడ అర్థం కాదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అప్పు, మంచంపట్టిన పెద్దలు – ఇవన్నీ నెత్తిమీదికి వచ్చిన వయసు అని. ఆ వయసులో చదువును గూర్చి మనలో రెండు తేలిక అభిప్రాయాలు చెలామణీలో వున్నాయి. మొదటిది సన్మాన సభల అభిప్రాయం: "పట్టుదల వుంటే సాధించలేనిది లేదు." ఇది వినడానికి ఇంపుగా వుంటుంది, సాధించలేకపోయినవారందరికీ పట్టుదల లేదన్న తీర్పు మాత్రం అందులో దాగి వున్నది. రెండవది మన శిబిరంలోనే అప్పుడప్పుడు వినవచ్చే అభిప్రాయం: "పట్టా అన్నది బూర్జువా అలంకారం, ప్రజల మధ్య నేర్చుకొన్నదే అసలు చదువు." ఇది వినడానికి విప్లవాత్మకంగా వుంటుంది, ఇది చెప్పేవారి జేబులో తరచుగా ఒక పట్టా వుంటుంది.

ఈ రెండు అభిప్రాయాలూ దాటవేసే విషయం ఒకటే. మనిషికి దినానికి ఇరవైనాలుగు గంటలే. అన్నీ పనితో నిండిన దినంలో చదువుకు రెండు గంటలు దొరికాయంటే, ఆ రెండు గంటల పనిని మరొకరు ఎత్తుకొని వుండాలి, లేదా ఆ మనిషి నిద్రనుంచి కోసి ఇచ్చి వుండాలి. పెద్దవయసు చదువు గూర్చి మాట్లాడడమంటే ఆ గంటల లెక్క మాట్లాడడం. సాహిత్యం ఆ లెక్కను ఎక్కడ చెప్పింది, ఎక్కడ దాచింది అన్నది చూడడమే ఈ వ్యాసం పని.

2

ద్రాక్షారామ భీమేశ్వరాలయం గోడలమీద, స్తంభాలమీద వందలకొద్దీ శాసనాలు వున్నాయి. వాటిలో అఖండదీపాలకు చేసిన దానాలు చాలా వున్నాయి. రాణులు, అధికారుల భార్యలు, వర్తకులు తమ పుణ్యంకోసమో తమవారి పుణ్యంకోసమో దేవుని ముందు దీపం పెట్టించారు. దీపం ఆరకుండా వెలగాలంటే నెయ్యి కావాలి. అందుకని దాత ఒక మందను ఇస్తాడు. ఆ మందను ఒక బోయ – ఆ శాసనాల్లో బోయ అంటే పశువుల కాపరి – పుచ్చుకొని, నిత్యం మానెడు నెయ్యి తెచ్చి పోయాలి. అతనే కాదు, అతని కొడుకులు, మనుమలు కూడా పోస్తూ వుండాలి. శాసనంలో దాత పేరు వుంటుంది. నెయ్యి పోయవలసిన కాపరి పేరు కూడా వుంటుంది.

ఈ శాసనాలను చరిత్రకారులు రాజవంశాల క్రమం కోసం చదివారు, భాషావేత్తలు మాటల రూపాల కోసం చదివారు. ఆర్థిక సంబంధాల కోసం చదివితే మరొకటి కనిపిస్తుంది: వెలుగు ఒకరి పేర వుంటుంది, నెయ్యి మరొకరి చేతినుంచి వస్తుంది. ఆ కాపరి పేరును రాతిమీద చెక్కించినది అతన్ని గౌరవించడానికి కాదు, అతన్నీ అతని సంతతినీ బాధ్యతకు కట్టివేయడానికి. భూస్వామ్య సమాజం శ్రమను దాచుకోలేదు. నెయ్యి ఎవరు పోయాలో నిర్మొహమాటంగా చెప్పి, శాశ్వతంగా కట్టివేసింది. మన కాలం అంత మొరటుగా వుండదు. నెయ్యి పోయిస్తుంది గాని పేరు చెప్పదు.

ఈనాడు అదే ద్రాక్షారామంలో కాపురముండి తెలుగు ఎం.ఏ.కు కట్టిన ఉపాధ్యాయిని సంగతి ఊహించండి. శ్రీనాథుని భీమేశ్వర పురాణం ఆమె చదువులో భాగమే. ఆ కావ్యం పొగిడిన క్షేత్రంలోనే ఆమె కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడుతుంది. కాకినాడ దాదాపు 28 కిలోమీటర్లు, రాజమహేంద్రవరం దాదాపు 50. ఆదివారం తరగతికి అంత దూరం బస్సులో పోయి రావాలంటే, వారమంతా వాయిదా వేసిన బట్టలు ఉతికేది ఎవరు? పెట్టవలసిన ప్రశ్నపత్రాలు, దిద్దవలసిన జవాబు పత్రాలు ఎవరివి? 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా గోదావరి జిల్లాలవారు పట్టాకోసం విశాఖపట్నం వైపు చూడవలసినవారే. ఇప్పుడు విశ్వవిద్యాలయం దగ్గరికి వచ్చింది. బిందె మాత్రం ఉన్నచోటనే వున్నది.

3

ఈ విషయంలో మన కథకుల కంటె ఆత్మకథలు వ్రాసిన స్త్రీలు ఎక్కువ నిజం చెప్పారు. అందులో మొదట చెప్పుకోవలసినది దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం.

అంతకు ముందు తరాన్ని ఒకమాటు తలుచుకోవాలి. 1880లో ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారు బాలవితంతువు. జాతీయోద్యమంలోకి వచ్చి, సభల్లో మాట్లాడి, జైలుకు వెళ్లి, రాజమహేంద్రవరంలో స్త్రీల చదువుకు విద్యాలయం నడిపారు. ఆమెకు విద్య వున్నది. పట్టా అన్నది ఆ తరం స్త్రీకి అందే వస్తువు కాదు. సంస్కరణోద్యమం బాలికకు బడి పెట్టింది, బాలవితంతువుకు పెళ్లి చేసింది. వయసు వచ్చిన స్త్రీ తనకై తాను పరీక్షకు కూర్చోవడమన్నది దాని ఊహకు పూర్తిగా అందలేదు.

దుర్గాబాయి 1909లో రాజమహేంద్రవరంలో పుట్టారు. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు. వయసు వచ్చాక ఆ పెళ్లిని ఆమె కాదనుకొన్నారు. కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలోను, ఆ తరువాతా జైళ్లకు వెళ్లారు. మధుర జైలులో హత్యానేరం మోపబడిన ఆడవాళ్లను చూశారు. చట్టం తెలియక, తమ తరపున మాట్లాడేవారు లేక శిక్షపడిన వారి కథలు విన్నారు. న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెకు అక్కడ కలిగింది. ఇది గమనించదగినది. చదువు ఆమెకు ఉద్యోగపు మెట్టుగా రాలేదు, కాలక్షేపంగానూ రాలేదు. చేయదలచిన పనికి కావలసిన పనిముట్టుగా వచ్చింది.

కాని న్యాయశాస్త్రానికి ముందు డిగ్రీ వుండాలి, దానికి ముందు మెట్రిక్ వుండాలి. పాతికేళ్ల ప్రాంతంలో ఆమె మొదటి మెట్టునుంచి మొదలుపెట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ప్రైవేటు అభ్యర్థులకు పెట్టే మెట్రిక్ పరీక్షకు చదివి నెగ్గారు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అప్పుడు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. స్త్రీలకు వసతిగృహం లేదు గనుక చేర్చుకోవడం కష్టమన్నారు. 1914లోనే 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసి తెలుగు విమర్శకు కొత్త దారి తీసిన మేధావి ఆయన. ఆడవాళ్లు చదవకూడదని ఆయన అనలేదు. నిబంధన కూడా అట్లా అనలేదు. తలుపు తెరిచే వున్నది, లోపల పడుకోవడానికి చోటు లేదు. దుర్గాబాయి పత్రికలో ప్రకటన వేయించి, తనవలెనే వసతిలేక చదువు ఆగిన ఆడపిల్లలను పిలిచి, వారితో కలిసి తామే వసతి ఏర్పాటు చేసుకొన్నారు. రాజనీతిశాస్త్రంలో ఆనర్సు పూర్తిచేశారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొన్నారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పై మూడేళ్లు.

ఆమె 'చింతామన్ అండ్ ఐ' అన్న పేరుతో ఇంగ్లీషులో వ్రాసుకొన్న జీవితకథ 1980లో వెలువడింది. సాహిత్య గ్రంథంగా అందులో లోపాలు లేకపోలేదు. కష్టం వచ్చింది, దరఖాస్తు పెట్టాను, కాదన్నారు, మరొక దారి చూశాను – అన్న కార్యకర్త నివేదిక ధోరణి అందులో కనిపిస్తుంది. రాత్రి దీపం ముందు మనిషి ఏమనుకొన్నదో అంతగా తెలియదు. అయితే ఆ నివేదిక ధోరణిలోనే ఒక నిజాయితీ వున్నది. తన విజయాన్ని గుణంగా చూపక, ఏర్పాటుగా చూపుతుంది. ఇల్లు ఎక్కడ దొరికింది, ఎవరు తోడు వచ్చారు, ఏ పరీక్ష ప్రైవేటుగా వ్రాయవచ్చు – ఈ వివరాలే ఆమెకు ముఖ్యం. తల్లి కృష్ణవేణమ్మ అండ లేకుండా ఆ చదువు సాగేది కాదు. పిల్లల బాధ్యత ఆమెకు లేదన్నదీ మనం మరచిపోరాదు. తన పరిస్థితి అందరి పరిస్థితి కాదని ఆమెకు తెలిసినట్లే వున్నది. అందుకనే తన చదువు ఇంకా ముగియకముందే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, తాను వ్రాసిన కాశీ మెట్రిక్ పరీక్షకే తెలుగు స్త్రీలను తయారుచేయడం మొదలుపెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. వయోజన స్త్రీలకు కొన్ని తరగతుల చదువును తక్కువ కాలంలో చెప్పే సంక్షిప్త విద్యా పథకాన్ని ఆ మండలి 1958లో దేశమంతటికీ తెచ్చింది.

పట్టుదల కథలు చెప్పేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. పట్టుదలకు ఆమెకంటె గొప్ప ఉదాహరణ దొరకదు. ఆమె మాత్రం తన తరువాతివారికి పట్టుదలను ఉపదేశించి వూరుకోలేదు. తరగతి గది ఇచ్చారు, వసతి ఇచ్చారు.

4

ఆ గదిలోకి వచ్చినవారిలో ఒకరు కొండపల్లి కోటేశ్వరమ్మగారు. మన ఉద్యమ పాఠకులకు ఈ పేరు పరిచయం చేయనక్కరలేదు. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టి, బాల్యంలోనే పెళ్లీ వైధవ్యమూ చూసి, కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చి, పునర్వివాహం చేసుకొన్నారు. ప్రజానాట్యమండలిలో పాడారు. నిర్బంధ కాలంలో రహస్య జీవితం గడిపారు. తరువాత భర్త వదలి వెళ్లాడు. ముప్పై అయిదేళ్ల ప్రాంతంలో, పిల్లలను తల్లి దగ్గర వుంచి, హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదువుకు చేరారు. ఆ పరీక్షే ఆమెకు కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ వసతిగృహంలో ఉద్యోగానికి దారి అయింది.

మెట్రిక్ ఎక్కడ, ఎం.ఏ. ఎక్కడ అని అడగవచ్చు. మెట్టు ఎత్తు వేరు. బరువు మోస్తూ ఎక్కవలసిన కాళ్లు ఒకటే.

2012లో వెలువడిన ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి'లో ఈ చదువు ఘట్టం పెద్దది కాదు. కాని మన వాదానికి అది కీలకం. ఆ నాటికి ఆమెకు రాని విద్య ఏమున్నది? వేలమంది ముందు పాడగలదు. జనాన్ని కూడగట్టగలదు. రహస్యం కాపాడగలదు, పోలీసులనుంచి తప్పించుకోగలదు, తెలియని ఊరిలో తెలియని పేరుతో బ్రతకగలదు. ఇదంతా ప్రజల మధ్య నేర్చుకొన్న చదువే. భర్త వెళ్లి, నీడ పోయి, పిల్లలకు అన్నం పెట్టవలసి వచ్చిననాడు, ఈ సమాజం ఆ విద్యల్లో ఒక్కదానికీ వెల కట్టలేదు. అడిగినది ఒక కాగితం. "పట్టా బూర్జువా అలంకారం" అనేవారికి ఇంతకంటె గట్టి సమాధానం లేదు. ఉద్యోగం చేసి బ్రతకవలసినవారికి పట్టా అలంకారం ఎట్లా అవుతుంది? అది వారి చేతి పనిముట్టు. దానిని తూలనాడే తీరిక దానిని ఇదివరకే సంపాదించుకొన్నవారికి మాత్రమే వుంటుంది.

ఈ ఘట్టం ఉద్యమాన్ని కూడా ఒక ప్రశ్న అడుగుతుంది. ఉద్యమం స్త్రీలకు రాజకీయ పాఠశాలలు నడిపింది, వేదిక ఇచ్చింది, గొంతు ఇచ్చింది. ఆ గొంతు ఒంటరిదైననాడు దానికి ఆధారమేమిటన్నది ముందుగా ఆలోచించలేదు. ఆ పని రాజకీయంగా వేరే దారిలో నడిచిన దుర్గాబాయి సంస్థ చేసింది. ఇది ఒప్పుకోవడంవల్ల మన సిద్ధాంతానికి వచ్చే నష్టమేమీ లేదు. ఒప్పుకోకపోతే మన విమర్శకు నష్టం వున్నది.

రచనగా 'నిర్జన వారధి' గొప్పతనం దాని నిబ్బరంలో వున్నది. ఆమె ఎవరినీ బోనులో నిలబెట్టదు, తనను తాను విగ్రహంగా నిలబెట్టుకోదు. చదువుకోవడానికి వెళ్లిన తల్లి పిల్లలను ఎడబాసిన బాధను కూడా పొడి మాటల్లోనే చెబుతుంది. తరువాతి కాలంలో ఆమె కొడుకునూ కూతురునూ పోగొట్టుకొన్నారన్న సంగతి తెలిసిన పాఠకుడికి ఆ పొడి మాటలు మరింత బరువెక్కుతాయి. వందేళ్లు బ్రతికి 2018లో ఆమె కన్నుమూశారు. ఆమె చదువుకొన్నన్నాళ్లూ పిల్లలకు అన్నం పెట్టిన ముసలి తల్లి ఆ కథలో మరొక పునాది. దుర్గాబాయికి కృష్ణవేణమ్మ, కోటేశ్వరమ్మకు ఆమె తల్లి. రెండు పుస్తకాలూ నెయ్యి పోసిన చేతుల పేరు చెప్పాయి. ఈ పేరు చెప్పడం శాసనంలోవలె కట్టివేయడానికి కాదు, బాకీ ఒప్పుకోవడానికి.

5

ఇక కథా సాహిత్యానికి వద్దాం. రాజమహేంద్రవరంలో పుట్టిన అబ్బూరి ఛాయాదేవిగారి 'బోన్సాయ్ బ్రతుకు' ఎందరికో పాఠ్యాంశంగా కూడా తెలిసిన కథ. చదువు మాన్పించబడిన అక్క, చదువుకొని ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. కుండీలో పొట్టిగా పెంచిన చెట్టును చూసి ఆడదాని బ్రతుకు ఇదేకదా అనుకొంటుంది. వివక్షను అంత తక్కువ మాటల్లో, అంత కోపం లేకుండా చెప్పిన కథ మనకు అరుదు. అయితే ఆ ప్రతీకలో ఒక చిక్కు వున్నది. బోన్సాయ్ చెట్టు ఇక పెరగదు. వేళ్లు కత్తిరించిన తరువాత దాని కథ ముగిసింది. అక్క తన బ్రతుకును అర్థం చేసుకొన్నదగ్గర కథ ఆగుతుంది. ఆ కుండీని పగలగొట్టి నలభై ఏళ్ల వయసులో నేలలో నాటితే ఏమవుతుందన్న ప్రశ్న దానికి బయట మిగిలిపోయింది. కోటేశ్వరమ్మగారి జీవితం ఆ ప్రశ్నకు సమాధానం: వేరు పట్టుకొంటుంది, కాని నొప్పి లేకుండా కాదు, ఒంటరిగానూ కాదు. ఛాయాదేవిగారి కథను ఇది తక్కువ చేయదు. ఆ కథ తరువాత వ్రాయవలసిన కథ ఏమిటో మాత్రం చెబుతుంది.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' ఆ రెండవ కథ గుమ్మం దాకా వెళ్లింది. ఇల్లు అలుకుతూ అలుకుతూ గృహిణి తన పేరు మరచిపోతుంది. పేరు వెతుక్కొంటూ పుట్టింటికి పోయి తన సర్టిఫికెట్లకోసం చూస్తుంది. దీనిని చమత్కారమని నవ్వుకొని వదిలినవారు వున్నారు. భర్తకు ఆమె భార్య, పిల్లలకు అమ్మ, ఇరుగుపొరుగుకు ఫలానావారి ఆవిడ. ఆమె ఒక్క మనిషిగా, తన పేరుతో నమోదైనది ఒక్క చదువు కాగితంలోనే. పెళ్లైన స్త్రీ మళ్లీ పరీక్ష ఫీజు కట్టడంలో జీతం ఆశతోపాటు ఈ ఆశ కూడా వున్నదని సత్యవతిగారు పట్టుకొన్నారు. హాల్‌టిక్కెట్టు మీద వుండేది ఆమె పేరే. ఆ గృహిణి పేరు గుర్తు వచ్చాక మళ్లీ చదివితే, ఆ ఇల్లు ఎవరు అలుకుతారు? మన కథకులు ఇంకా వ్రాయవలసినది అదే.

6

కథకులు వ్రాయకపోయినా, పెద్దవయసు చదువుకు మన విశ్వవిద్యాలయాలు ఒక సాహిత్య ప్రక్రియను ఇచ్చాయి. సిద్ధాంత వ్యాసం మొదట్లో వుండే కృతజ్ఞతల పుట అది. దానిని విమర్శకులు ఎవరూ పట్టించుకోలేదు. దాని శిల్పం మారదు. మొదట పర్యవేక్షకులైన ఆచార్యులవారు, తరువాత శాఖాధిపతి, గ్రంథాలయాధికారులు, పుస్తకాలు ఇచ్చిన మిత్రులు, అందంగా టైపు చేసినవారు. చిట్టచివర ఒక్క వాక్యంలో "నా శ్రీమతి", ఆమె "సహకారం". అయిదేళ్లపాటు పిల్లలను ఆ గదివైపు పోనీయకుండా ఆపినది, చుట్టాల పెళ్లిళ్లకు ఒంటరిగా వెళ్లినది, ఫీజుకోసం గాజులు తాకట్టు పెట్టినది ఆ ఒక్క మాటలో ఇమిడిపోవాలి. భార్య పరిశోధకురాలైతే ఆ వాక్యం తిరగబడుతుంది: భర్త "అనుమతి"కి కృతజ్ఞత. ఒకరికి సహకారం, మరొకరికి అనుమతి. మన కుటుంబ వ్యవస్థమీద ఇంతకంటె క్లుప్తమైన వ్యాఖ్యానం ఆ సిద్ధాంత వ్యాసం లోపలి వందల పుటల్లో దొరకదు.

ఇందుకు మినహాయింపులు లేకపోలేదు. అంబేద్కర్ కొలంబియానుంచి వచ్చి, ఉద్యోగం చేసి, బొంబాయిలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, సగంలో ఆగిన చదువుకోసం 1920లో మళ్లీ లండను వెళ్లారు. 1923లో డి.ఎస్‌సి. పుచ్చుకొనేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. ఇక్కడ బొంబాయిలో సంసారం ఈదినది రమాబాయి. పాకిస్తాన్ సమస్యపై 1940లో వచ్చిన తన గ్రంథాన్ని ఆయన ఆమె స్మృతికి అంకితం చేశారు. లేమి రోజుల్లో తనతో కష్టం పంచుకొన్నదని అందులో చెప్పారు. అప్పటికి ఆమె చనిపోయి అయిదేళ్లు. ఆయన బాకీ ఒప్పుకొన్నారు; అందుకొనేందుకు ఆమె లేదు.

ఆయన పేరు పెట్టుకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైనది. దేశంలో అటువంటిది అదే మొదటిది. అంతకు ముందు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా చదువు ప్రారంభించాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయం మరొక అడుగు వేసి, బడి చదువు లేనివారిని కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకొన్నది. వేలాదిమంది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, కార్మికులు ఆ దారిన వచ్చారు. దీనిని చిన్నచూపు చూడడం పండితుల అహంకారం. కాని పాఠం పుస్తకంగా పోస్టులో ఇంటికి వచ్చినంతమాత్రాన అది చదివే గంట కూడా దానితో రాదు.

పరిశోధన నిబంధనలు చూడండి. 2022నాటి యూ.జి.సి. నిబంధనల ప్రకారం ఉద్యోగులు పార్ట్‌టైముగా పిహెచ్.డి. చేయవచ్చు, అందుకు యజమాని నిరభ్యంతర పత్రం కావాలి. స్త్రీలకు సాధారణ గడువుకు మరి రెండేళ్లు అదనం, ప్రసూతికీ శిశు సంరక్షణకూ 240 రోజుల వరకు సెలవు. ఇవి పోరాడి నిలుపుకోవలసిన సౌకర్యాలే. అయితే ఆ అదనపు రెండేళ్లలో ఒక ఒప్పుకోలు దాగి వున్నది. స్త్రీ పరిశోధకురాలి కాలం ఎవరో తినివేస్తున్నారని ప్రభుత్వానికి తెలుసు. తిన్నవారిని అడగదు, తినివేయడానికి మరి రెండేళ్లు ఇస్తుంది. ఇక తాత్కాలిక అధ్యాపకుల సంగతి. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసరు నియామకానికి పిహెచ్.డి. తప్పనిసరి అని 2018 నిబంధనలు చెప్పాయి. అమలు 2021కి అన్నారు, 2023కు వాయిదా వేశారు. తీరా 2023లో నెట్ లేదా సెట్ కనీసార్హతగా చాలునన్నారు. కుర్రవాడికి ఇది ఒక వార్త. నలభై ఏళ్ల కాంట్రాక్టు అధ్యాపకుడికి అయిదు సంవత్సరాల రాత్రులు.

7

అభ్యుదయ రచయితలకు ఇక్కడ పని వున్నది. పట్టా పొందినవారికి శాలువా కప్పే కథలు అక్కరలేదు. పట్టా వ్యర్థమని నవ్వే కథలూ అక్కరలేదు. ఒక రాత్రి పది గంటలనుంచి పన్నెండు దాకా ఒక ఇంట్లో ఏమి జరుగుతుందో వ్రాయండి. పుస్తకం ఎవరి చేతిలో వున్నది, చంటిబిడ్డ ఎవరి భుజంమీద వున్నది, గిన్నెలు ఎవరి ముందు వున్నాయి, వారు ఒకరినొకరు ఏమని చూసుకొంటారు – ఇవన్నీ వ్రాయండి. మధ్యలో చదువు మానేసినవారి కథ కూడా వ్రాయండి, వారే ఎక్కువమంది. వారికి లేనిది పట్టుదల కాదని పాఠకుడికి తెలియాలి.

ఉపాధ్యాయ సంఘాలకూ పని వున్నది. చదువుకొనే ఉపాధ్యాయులకు జీతంతో సెలవు, రామచంద్రపురంవంటి ఊళ్లలో ఆదివారం తరగతులు, ఆ తరగతి పక్కన పిల్లలను చూసుకొనే గది – ఇవి వేతన కోర్కెల పత్రంలో చోటుచేసుకోవలసిన కోర్కెలు. వసతి లేదన్నందుకు ప్రకటన వేసి వసతి కూడగట్టిన దుర్గాబాయి ఈ మాట 1930లలోనే ఆచరణలో చెప్పారు. వ్యక్తి చదువు సంఘం పని అయిననాడే, నెయ్యి పోసే భారం ఒక్క తల్లిమీద, ఒక్క భార్యమీద, ఒక్క మనిషి నిద్రమీద పడకుండా వుంటుంది. అప్పటిదాకా కనీసం కృతజ్ఞతల పుటలోనైనా, ఎన్ని గంటలు ఎవరివో లెక్క వేసి వ్రాయడం మన పరిశోధకులు మొదలుపెట్టవచ్చు.